కొంచెం కష్టం

మా వార్డు మహిళకు పడిందని తెలిసిన రోజు మా ఆయన నరసింహ అన్నం ముట్టలేదు. అలియాబాద్ మున్సిపాలిటీ అయిందన్నప్పటి నుంచి కౌన్సిలర్ కావాలని కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. తెలిసినవాళ్ళ చావులకూ, తెలియనివాళ్ళ బారసాలలకూ పోయి వచ్చాడు. తీరా చూస్తే రిజర్వేషన్ ఇట్లా వచ్చింది. సాయంత్రం దాకా సోఫాలో ఒరిగి పైకప్పును చూసి, ఆఖరికి నా వైపు తిరిగాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత తేరిపార చూడలేదు.

"సుశీలా, నీ ఫొటో మంచిది ఏమన్న ఉన్నదా?" అన్నాడు.

అట్లా నేను అభ్యర్థినయ్యాను. వారం తిరగకముందే శామీర్‌పేట చౌరస్తా నుంచి మా గల్లీ దాకా నా ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో నేను చేతులు జోడించి ఉంటాను. నా వెనక నాకంటే పెద్ద సైజులో మా ఆయన ఉంటాడు. నేను ఎక్కడా నోరు విప్పనక్కర లేదని, దండం పెట్టి నవ్వితే చాలని ముందే చెప్పాడు. నాకు మాట్లాడటం రాదని కాదు ఆయన భయం. తప్పు కనబడితే ఎదుట ఉన్నది ఎవరని చూసుకునే అలవాటు నాకు లేదు. మా ఇంటికి వచ్చే చుట్టాలు నన్ను తలుచుకుని చెప్పులు వరసగా విడుస్తారు.

ఆ చలికాలం చివర మా పై పోర్షన్‌లో ఒక జపాన్ ఆయన అద్దెకు ఉంటున్నారు. ఒక జపాన్ ఆయన అంటే ఎవరో ఒకాయన అని కాదు. ఆయన ఇంటిపేరే ఒక. పూర్తి పేరు ఒక కెయితా. మేడ్చల్ అవతల ఏదో ఫ్యాక్టరీలో దుబాసీ పని. జపాన్ ఇంజనీర్లు చెప్పింది మన వర్కర్లకు తెలుగులో చెప్పాలి, వర్కర్లు గొణిగింది ఇంజనీర్లకు మర్యాదగా చెప్పాలి. రాజమండ్రి సూపర్‌వైజరు దగ్గర తెలుగు నేర్చుకున్నారట, అందుకని ప్రతి మాటకూ 'అండి' తగిలించేవారు. కిరాయి ఆలస్యం లేదు, చప్పుడు లేదు. సాయంత్రం కాగానే మేడ మీద అటూ ఇటూ నడుస్తూ తనలో తాను మాట్లాడుకోవడం ఒక్కటే ఆయన అలవాటు. మొదట్లో ఫోనేమో అనుకున్నాను. చూస్తే చేతిలో ఫోను లేదు.

ఆ రోజు నేను మేడ మీద కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. ఒక గారు నాకు వీపు పెట్టి పిట్టగోడతో మాట్లాడుతున్నారు.

"నా పేరు ఒక అండి. బ్యాంకుకు వెళ్తే పేరేమిటి అంటారు. ఒక అంటాను. ఒక... చెప్పండి, ఒక ఏమిటి అంటారు. అంతే అండి, ఒక అంటాను. పాపం మధ్యలో ఆగిపోయాడని మంచినీళ్ళు ఇస్తారు."

పిట్టగోడ నవ్వలేదు. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు.

"మీ ఊళ్ళో కిరాణా కొట్టుకు దారి అడిగానండి. ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్టు అరగంటే అన్నారు."

అది మా ఆయన మాట. ఆయనది ప్లాట్లు అమ్మే వ్యాపారం, కొనడానికి వచ్చిన ప్రతివాడికీ మొదట చెప్పేది అదే. నాకు ఉండబట్టలేదు.

"కిరాణ దుకాణానికి పోనీకె నీకు ఎయిర్‌పోర్టు ఎందుకయ్యా, నీ మొకం" అన్నాను.

ఆయన గిర్రున తిరిగారు. కిరాయికి ఉన్నాయన్ని అట్లా అన్నానేమిటా అని నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం మిరపకాయల దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు. కళ్ళు మెరుస్తున్నాయి.

"సుశీల గారూ, మళ్ళీ అనండి."

"ఏంది?"

"ఇప్పుడు అన్నది. అదే కోపంతో అనండి."

ఆ సాయంత్రమే నాకు ఆయన సంగతి తెలిసింది. జపాన్‌లో ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి జనాన్ని నవ్వించే పద్ధతి ఉందట. ఒకడు తిక్కతిక్కగా మాట్లాడతాడు. రెండోవాడు వాణ్ణి తిడతాడు. జనం నవ్వేది ఆ తిట్టుకేనట. ఒక గారు తిక్కవాడు. తిట్టేవాడు చాలా ఏళ్ళు కలిసి పనిచేసి, ఇక మనవల్ల కాదని వెళ్ళిపోయాడు.

"యాడికి వొయిండు?"

"లిఫ్టులు రిపేరు చేస్తున్నాడండి. సంతోషంగా ఉన్నాడు. లిఫ్టు నవ్వకపోయినా బాధ ఉండదు కదా." ఆయన నవ్వారు. "ఇప్పుడు నేను ఒక్కణ్ణే. పేరుకు తగ్గట్టు."

సిటీలో కుర్రాళ్ళు మైకు పట్టుకుని జోకులు చెప్పే చోట్లు ఉంటాయని మా అమ్మాయి అశ్రిత చెప్పింది. అది కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతోంది, దానికి అవన్నీ తెలుసు. ఒక గారు సెలవు రోజుల్లో అక్కడికి పోయి ఇంగ్లీషులో చెప్పేవారట. ఎవరూ నవ్వలేదట. ఏదో ఒకరోజు విసిగిపోయి తెలుగులో చెప్తే వెనక బెంచీలో ఎవరో ఫక్కుమన్నారట. ఆ ఒక్క నవ్వు పట్టుకుని ఆయన తన బతుకంతా తెలుగులోకి మార్చుకున్నారు. ఉగాది తరవాత సికింద్రాబాద్‌లో చిన్న హాలు మాట్లాడుకున్నారు. గంట సేపు తెలుగులో ఒక్కరే నిలబడాలి. వేసవిలో ఫ్యాక్టరీ కాంట్రాక్టు అయిపోతుంది. ఈలోగా ఆ గంట నిలబడితే ఏదో దారి దొరుకుతుందని ఆయన ఆశ. నిలబడకపోతే ఏమిటని నేను అడగలేదు. ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు.

ఇక ప్రతి సాయంత్రం మేడ మీద అదే పని. ఆయన తిక్కగా చెప్పడం, నేను తిట్టడం.

"తొందరపడకండి సుశీల గారూ. నేను చెప్పగానే తిట్టకూడదు. ఊపిరి పట్టినంత సేపు ఆగండి. తప్పు జనానికి కనబడాలి. అప్పుడు తిట్టండి."

ఎన్నో ఏళ్ళుగా నేను ఇంట్లో అందరినీ తిడుతున్నాను. ఎప్పుడు తిట్టాలో చెప్పినవాడు లేడు, మళ్ళీ తిట్టమన్నవాడు అసలే లేడు. నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. పగలంతా కండువా వేసుకుని ఇంటింటికీ తిరిగి నోరు మూసుకుని దండాలు పెట్టేదాన్ని. సాయంత్రం మేడెక్కి నా నోరు నేను తెచ్చుకునేదాన్ని.

మా ఆయన బెంగంతా గోపాలరావు గారి కాలనీ మీద. హైవే పక్కన అదంతా ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగుల కాలనీ. ఆ ప్లాట్లు అమ్మింది మా ఆయనే. కానీ ఓటడగడానికి పోతే ఒక్క గేటు తీయడం లేదు. కుక్క ఉంది జాగ్రత్త అన్న బోర్డుకే దండం పెట్టి వచ్చాం. ఆ కాలనీ ఓట్లు పడకపోతే మునిగినట్టేనని ఆయన లెక్క. ఇట్లా ఉండగా కాలనీ సంఘం ప్రెసిడెంటు గోపాలరావు గారే మా ఇంటికి వచ్చారు.

"ఏవండీ నరసింహ గారూ, మీ మేడ మీద జపాన్ ఆయన ఉన్నారట కదండీ. తెలుగులో భలే కబుర్లు చెబుతారట. ఆయన్ని మా క్లబ్ హౌసుకి తీసుకొచ్చారనుకోండి, మావాళ్ళు పిల్లాజెల్లాతో వచ్చేస్తారు. ఆ పక్కనే మీ మీటింగు కానిచ్చుకోవచ్చు" అన్నారు.

ఆయన అటు పోగానే మా ఆయన ఒక గారిని కిందికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నేను చాయ్ ఇచ్చాను. సంగతి విని ఒక గారు మెడ పక్కకు వంచారు. మిరపకాయ కొరికినట్టు పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి పీల్చారు. మొహం నిండా నవ్వు.

"కొంచెం కష్టం అండి" అన్నారు.

"కష్టమైతేంది, మేం లేమా? కారు వంపిస్త" అన్నాడు మా ఆయన.

ఒక గారు మళ్ళీ గాలి పీల్చారు. "నిజంగా కొంచెం కష్టం అండి."

"గా మాటనే నాకు నచ్చింది. జపానోల్లంటేనే కష్టం గదా. మీరు కష్టవడకుంటే ఇంకెవలు కష్టవడ్తరు?" అని ఆయన వీపు తట్టాడు. "ఆదివారం సాయంత్రం. ఖరారు."

ఒక గారు లేచి వంగి నమస్కారం చేశారు. మొహమాటపడుతున్నారు, అంతే కదా అనుకున్నాను నేనూ.

ఆదివారం క్లబ్ హౌసు నిండిపోయింది. స్టేజీ మీద మధ్య కుర్చీలో నేను, పక్కన మా ఆయన. ఒక గారు సూటు వేసుకుని వచ్చారు. ఆయన మైకు దగ్గరికి పోబోతుంటే మా కార్యకర్త ఎవరో ఎదురెళ్ళి మెడలో పార్టీ కండువా వేశాడు. ఒక గారు సన్మానం అనుకున్నారు. రెండు చేతులా కళ్ళకద్దుకుని సర్దుకున్నారు.

పేరు జోకు చెప్పారు. ఎవరూ నవ్వలేదు. బ్యాంకువాళ్ళు మంచినీళ్ళిచ్చిన చోట ముందు వరస ఆవిడ నిజంగానే నీళ్ళ సీసా అందించబోయింది. అందరూ ఫోన్లు పైకి పట్టి వీడియో తీస్తున్నారు. జపాన్ వాడు తెలుగు మాట్లాడుతున్నాడని ముచ్చటపడుతున్నారే తప్ప ఏం మాట్లాడుతున్నాడో ఒక్కరికీ పట్టలేదు. ఆయన చెవి వెనక చెమట కారడం నాకు కనబడుతోంది.  ఇంకో జోకు పోయింది. ఇంకోటి పోయింది. మా ఆయన వాచీ చూసుకున్నాడు.

"మీ ఊళ్ళో కిరాణా కొట్టుకు దారి అడిగానండి. ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్టు అరగంటే అన్నారు." ఒక గారు ఆగి, చెయ్యెత్తి మా ఆయన్ని చూపించారు. "ఈయనే అన్నారండి."

అది మేడ మీద లేని ముక్క. అప్పటికప్పుడు పెట్టారు. కాలనీ అంతా బిగుసుకుపోయింది. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఆ అరగంట మాట విని ప్లాటు కొన్నవాళ్ళే. రోజూ ఆ దారినే గంటన్నర బస్సులో పోయి వచ్చేవాళ్ళే. ఆ సంగతి మా ఆయన ఎదుట ఎవరూ ఎత్తరు. ఒక గారు మా వైపు చూడలేదు, జనం వైపే చూస్తూ నిలబడ్డారు. నేను ఊపిరి పట్టినంత సేపు ఆగాను.

"ఆయన చెప్తే నమ్ముతవా, నీ మొకం" అన్నాను, కుర్చీలోంచే. నాకు మైకు అక్కర్లేదు. "ఇరవై ఏండ్లు సంసారం జేసి నేనే నమ్మలే."

ముందు గోపాలరావు గారు నవ్వారు. ఆయన పక్కన భార్య, ఆ వెనక వరసలు. కుర్చీలు కదిలాయి. చివర నిలబడ్డ మగవాళ్ళు గోడకు చేతులు ఆనించి నవ్వారు. నవ్వు ఆగుతుందనుకుంటే ఒక గారు అమాయకంగా "మరి ఎంతసేపు అండి?" అన్నారు, "ట్రాఫిక్ లేకుంటే నీ పెండ్లయి వారసుడు పుట్టేదాకా" అన్నాను. అక్కడి నుంచి మాకు అడ్డు లేదు. ఆయన తిక్క, నా తిట్టు. ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. ఒక గారి మొహం నేను ఎప్పుడూ అట్లా చూడలేదు. చాలా కాలం తరవాత కడుపు నిండా తిన్న మనిషి మొహంలా ఉంది.

మా ఆయన అందరికంటే ఆఖరున నవ్వాడు, జనాన్ని ఓసారి కలియజూసుకుని.

మర్నాటికల్లా ఆ వీడియో అందరి ఫోన్లలోకీ పోయింది. కాలనీలో గేట్లు తెరుచుకున్నాయి. "అరగంట మేడమ్ వచ్చారు" అని లోపలికి పిలిచి కుర్చీ వేసేవారు. ఒక గారికి ఫ్యాక్టరీలో వర్కర్లు చప్పట్లు కొట్టారట. హాలువాళ్ళు ఫోను చేసి కుర్చీలు సరిపోవేమో, పెద్ద హాలు చూడమన్నారట. ఆ నాలుగు రోజులూ ఆయన మేడ మెట్లు రెండేసి ఎక్కేవారు.

తరవాత అవతలి పార్టీవాళ్ళు ఆ వీడియోనే పట్టుకుపోయి ఫిర్యాదు చేశారు. విదేశీయుడు మెడలో కండువా వేసుకుని ఓట్ల ప్రచారం చేశాడని. ఒక గారికి వచ్చిన నోటీసు అశ్రిత రెండుసార్లు చదివి చెప్పింది.

"అమ్మా, వీసా రద్దు జేస్తరంట. దేశం విడిచి పోవాలంట."

కంపెనీవాళ్ళు చేతులెత్తేశారు. ఒక గారు మా ఆయన దగ్గరికి వచ్చి, తలవంచి, సంగతంతా చెప్పి, మీరే పిలిచారని వీసా ఆఫీసులో ఒక్క మాట చెప్పండి అని అడిగారు. మా ఆయన ఆయన్ని సాంతం చెప్పనివ్వలేదు.

"గాబరావడకుండ్రి. చూద్దాం తీ. నేను పైన మాట్లాడ్త" అన్నాడు.

మరుసటి పొద్దున ఒక గారు సూటు వేసుకుని మా వరండాలో కూర్చున్నారు. మా ఆయన సందు గేటు నుంచి ప్రచారానికి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి రోజూ అంతే. సూటు, బూట్లు, ఒళ్ళో బ్యాగు. ఎండ వరండాలోకి వచ్చేదాకా కూర్చుని, లేచి పైకి పోయేవారు. పైన ఇక మాటలు వినిపించడం లేదు. చాయ్ ఇస్తే తాగకుండా పట్టుకుని కూర్చునేవారు. అట్లా చూసీ చూసీ ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు గూసుంటున్నరు ఈడ?"

"నరసింహ గారు మాట్లాడతానన్నారు కదండీ. తీసుకువెళ్తారని."

"ఎప్పుడన్నడు?"

"చూద్దాం అన్నారు."

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఈయనకు తెలుగు వచ్చనుకున్నాం.

"ఒక గారూ, మా దిక్కు చూద్దాం అంటే చూస్తమని గాదు. చెయ్యం అని. మొకం మీద కాదనలేక చూద్దాం అంటరు."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. తరవాత నెమ్మదిగా అన్నారు.

"మాకూ ఉంటుందండి. మొహం మీద కాదనకూడదు. అందుకని కొంచెం కష్టం అంటాం."

నేను మెట్టు మీంచి లేచాను. "అంటే... ఆనాడు మీటింగుకు రానన్నరా?"

"అవునండి."

"నవ్వుకుంట అన్నరు గద."

"చాలా గట్టిగా అన్నానండి. రెండుసార్లు అన్నాను. జపాన్‌లో అయితే నరసింహ గారు అవమానంతో లేచి వెళ్ళిపోయేవారు."

మేమిద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నారు, ఆ తుడుచుకోవడం ఆగలేదు.

"నాకు నలభై రెండేళ్ళు సుశీల గారూ. జపాన్ భాషలో నేను ఎవరినీ నవ్వించలేకపోయాను. ఎంతో ప్రయత్నించాను. తెలుగులో మాత్రమే నేను సరదా మనిషిని. అక్కడికి వెళ్తే తెలుగు ఎవరు వింటారండి?"

 నాకు తిట్టడం వచ్చు, ఓదార్చడం రాదు. ఆ పూట ప్రచారం బండి వాకిట్లో హారన్ కొడుతూనే ఉంది. నేను కండువా తీసి కుర్చీ మీద వేసి, అశ్రితను తోడు రమ్మని, ఒక గారితో సిటీకి బయలుదేరాను. మా ఆయన గేటుకు అడ్డం వచ్చాడు.

"నేనే తోలుకపోయిన అని చెప్తే నీ పోటీ వోతది, తెలుసా? కండువ ఏసింది మనోళ్ళు. కేసు మనమీదికి మళ్ళుతది."

"పోతే పోనీ. గది నా పోటీనా, నీదా?"

"సుశీలా, ఇజ్జత్ దీయకు."

"ఆయనకు లేదా ఇజ్జత్?" అని కారెక్కాను. పెళ్ళయిన తరవాత ఆయన వద్దన్న చోటికి పోవడం నాకు అదే మొదలు. 

విదేశీయుల ఆఫీసులో ఆఫీసరు మంచివాడే. కూర్చోమన్నాడు. ఫిర్యాదులో ఉన్న వీడియో ఓసారి చూస్తానని కంప్యూటర్లో పెట్టాడు. నా గొంతు గదంతా వినబడింది. "ఆయన చెప్తే నమ్ముతవా, నీ మొకం." ఆఫీసరు పెదవి బిగబట్టాడు. పక్క టేబులు క్లర్కు లేచి వచ్చాడు. వాకిట్లో కానిస్టేబుల్ తొంగిచూశాడు. ఇరవై ఏండ్ల సంసారం దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ పగలబడ్డారు. ఆఫీసరు కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "మళ్ళీ పెట్టండి సార్" అన్నాడు కానిస్టేబుల్. మళ్ళీ పెట్టారు. నేను ఒక గారి వైపు చూశాను. ఆయన నిటారుగా కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తున్నారు, ఎక్కడెక్కడ నవ్వుతున్నారో గుర్తుపెట్టుకుంటున్నట్టు.

నవ్వు అయ్యాక నేను చెప్పాను. "సార్, ఈయనను మేమే తీస్కపోయినం. ఈయన రానన్నడు."

"రానని అన్నాడా? ఏమన్నాడు?"

"కొంచెం కష్టం అన్నడు."

ఆఫీసరు అయోమయంగా చూశాడు. "అంటే వస్తానన్నట్టే కదమ్మా?"

"వాళ్ళ దిక్కు గట్ల గాదు సార్. గట్లంటే రానని. మాకు సమజ్ గాలే. తప్పు మాది. కావాలంటే నన్ను పోటీల నుంచి తీసెయ్యిన్రి, ఆయనను ఉంచున్రి." నేను అంతకుముందు ఎవరినీ బతిమాలలేదు. మాటలు వాటంతటవే వచ్చాయి. "ఆయనకు గీడ దప్ప యాడ పని లేదు సార్. మీరు నవ్విన్రు గద. మీరే నవ్విన్రు గద."

ఆఫీసరు తల వంచుకుని కాగితాలు సర్దాడు. ఆయన మొహంలో నిజంగానే జాలి ఉంది.

"సరేనమ్మా" అన్నాడు. "చూద్దాం."

ఒక గారు లేచి నిలబడ్డారు. కోటు గుండీ పెట్టుకుని ఆఫీసరుకు వంగి నమస్కారం చేశారు. "పదండి సుశీల గారూ" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో ఆయనకు చెప్పింది నేనే.

ఆ సాయంత్రం మేడ మీద నుంచి ఆయన హాలువాళ్ళతో ఫోనులో మాట్లాడటం వినబడింది. మళ్ళీ ఎప్పుడు పెట్టుకుంటారని వాళ్ళు అడిగినట్టున్నారు. "చూద్దాం అండి" అన్నారు ఒక గారు.

నేను చెప్పింది ఎవరూ ఎక్కడా లెక్కలోకి తీసుకోలేదు. ఒక గారి వీసా రద్దయింది. నా పోటీ పోలేదు, మా ఆయన మీద ఈగ వాలలేదు. "బతికినం పో" అన్నాడాయన. ఆ రాత్రి నుంచి నేను అశ్రిత గదిలో పడుకుంటున్నాను. ఇప్పటికీ అక్కడే. ఇంట్లో వంట అవుతుంది, మాటలు అవుతాయి, ఆ గది మాత్రం మారలేదు. పై పోర్షన్‌కు టులెట్ బోర్డు పెడితే నేను పీకేశాను.

ఓట్లు లెక్కపెట్టిన రోజు కాలనీ డబ్బా తెరిచేదాకా మేము వెనకబడే ఉన్నాం. ఆ డబ్బాతో గెలిచాం. డప్పులు వచ్చాయి, పటాకులు కాల్చారు, నన్ను జీపు ఎక్కించి ఊరంతా తిప్పారు. గులాలు కళ్ళల్లో పడి నీళ్ళు కారుతుంటే జనం ఆనందబాష్పాలు అన్నారు.

ఒక గారు వెళ్ళింది ఆ మర్నాడు పొద్దున. వాకిలంతా పటాకుల కాగితాలు. రెండు సూట్‌కేసులు, అదే సూటు. అశ్రిత ఏడుస్తూ ఆయనకు మిరపకాయల పొట్లం ఇచ్చింది, మేడ మీద ఎండినవే. మా ఆయన నిన్నటి దండ తీసి సోఫా మీద పడేసి, ఉత్సాహంగా బయటికి వచ్చి సూట్‌కేసు తానే డిక్కీలో పెట్టాడు. మనసులో ఏదో గుచ్చుకుంటున్నప్పుడు ఆయన ఇట్లాగే హడావిడి చేస్తాడు.

"ఒక గారూ, మీ దయతోటి గెల్సినం. మల్ల రావాలె మీరు."

ఒక గారు మెడ పక్కకు వంచారు. పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చారు. నవ్వారు.

"కొంచెం కష్టం అండి."

"కష్టమైతేంది, మేం లేమా?" మా ఆయన ఆయన భుజం తట్టి కారు తలుపు తీశాడు. "జల్దీ ఎక్కున్రి. ఏం ఫికర్ లేదు. గీడికెల్లి ఎయిర్‌పోర్టు అరగంటనే."

ఒక గారు కారు ఎక్కలేదు. నా వైపు తిరిగారు.

అది నా వంతు. ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఊపిరి పట్టినంత సేపు ఆగారు. తప్పు అందరికీ కనబడేంత సేపు ఆగారు. ఆ పైన ఇంకొంచెం కూడా ఆగారు.

"నీ మొకం" అన్నాను. అంతకు మించి గొంతు రాలేదు.

ఒక గారు ఆ వచ్చినంతకే నడుము దాకా వంగి దండం పెట్టారు, ఆ రోజు క్లబ్ హౌసులో జనానికి పెట్టినట్టు. కారు ఎక్కారు. కారు గల్లీ మలుపు తిరిగి హైవే వైపు పోయింది.

"ఏందే నువ్వు" అన్నాడు మా ఆయన. "ఊరిడిసి పొయ్యేటోన్ని గట్ల తిడ్తరా ఎవలన్న?"